వరద రాత్రి మేయర్ చేతిలో ఏముంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మీ ఇల్లు మునిగింది. పై అంతస్తు వాళ్లింట్లో పిల్లలతో తలదాచుకున్నారు. కాలిఫోర్నియాలో ఉంటున్న మీ అన్నయ్య ఫోన్ చేసి, "ఇక్కడైతే మేయరే ఎమర్జెన్సీ ప్రకటిస్తారు, మీ మేయర్‌కు ఆ అధికారం లేదా?" అన్నారు. అప్పటినుంచి మీకు ఆ మాట గుచ్చుకుంటోంది. మన మేయర్‌కు అత్యవసర అధికారాలు ఉన్నాయా, లేకపోతే చట్టంలో వాటిని ఎలా రాయించుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకు పైగా మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే గడిచింది. ఎజెండాలు రాయడం, తీర్మానాలు మినిట్స్ బుక్‌లోకి ఎక్కించడం, ర్యాటిఫికేషన్ (ముందే చేసిన పనికి కౌన్సిల్ ఆమోదం తర్వాత తీసుకోవడం) ఫైళ్లు నడపడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, విజయవాడలోగానీ గుంటూరులోగానీ మేయర్ తన సంతకంతో నగరంలో ఎమర్జెన్సీ ప్రకటించలేరు. కర్ఫ్యూ పెట్టలేరు, ప్రైవేటు పడవను స్వాధీనం చేసుకోలేరు, టెండరు లేకుండా పని అప్పగించలేరు. కార్పొరేషన్‌లో ఆపద సమయంలో వెంటనే చర్య తీసుకునే అధికారం చట్టప్రకారం ప్రభుత్వం నియమించే మున్సిపల్ కమిషనర్‌ది. విజయవాడ 1981లో కార్పొరేషన్ అయినప్పుడు హైదరాబాద్ కోసం 1955లో చేసిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టాన్నే ఇక్కడికి తెచ్చారు. గుంటూరుకు 1994లో అదే చట్టం వర్తించింది. ఆ చట్టంలో పాలన అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. ప్రజల భద్రతకోసం, కార్పొరేషన్ ఆస్తి రక్షణకోసం అత్యవసరమైతే, మామూలుగా స్టాండింగ్ కమిటీ (కార్పొరేటర్లలోంచి ఎన్నుకున్న చిన్న కమిటీ) మంజూరుగానీ కౌన్సిల్ మంజూరుగానీ కావలసిన పనిని కూడా ఆయన ముందు చేసేయవచ్చు. అయితే ఏం చేశారో, ఎందుకు చేశారో, బడ్జెట్‌లో లేని ఖర్చు ఎంతైందో ఆలస్యం చేయకుండా స్టాండింగ్ కమిటీకీ, కౌన్సిల్‌కూ నివేదించాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కార్పొరేషన్ కాని చిన్న పట్టణాలకు వర్తించే మున్సిపాలిటీల చట్టం వేరు, అది 1965 నాటిది. పాత మద్రాసు మున్సిపాలిటీల చట్టం పోలికలు దానికి వచ్చాయి. దాని ప్రకారం అత్యవసర సమయంలో కౌన్సిల్ మంజూరు కావలసిన పనిని చైర్‌పర్సన్ నేరుగా చేయమని ఆదేశించవచ్చు. ఖర్చు మున్సిపల్ నిధి నుంచి ఇమ్మనవచ్చు. షరతులు రెండే. కౌన్సిల్ వద్దని తీర్మానించిన పని చేయకూడదు, తర్వాతి సమావేశంలో కారణాలతో నివేదించాలి. అంటే తెనాలి చైర్‌పర్సన్‌కు ఉన్న ఈ అధికారం పక్కనే ఉన్న గుంటూరు మేయర్‌కు లేదు. గుంటూరు మున్సిపాలిటీగా ఉన్నన్నాళ్లూ అది చైర్మన్ కుర్చీకి ఉండేది. ఊరు పెరిగి కార్పొరేషన్ అయింది, కుర్చీకి హోదా పెరిగింది, మేయర్ అనే పేరొచ్చింది, ఆ ఒక్క అధికారం మాత్రం కమిషనర్ గదిలోకి వెళ్లిపోయింది. విజయవాడ సంగతీ అంతే. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎన్నికైన మనిషికి చిన్న ఊళ్లో ఉన్నపాటి అధికారం పెద్ద ఊళ్లో లేకపోవడం సబబు కాదు.

ఆ అధికారం నిజంగా ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరనుంచి చూశాను. కృష్ణా డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్‌గా ఉన్న రోజులు. మే నెల, కాలువలు కట్టేశారు. ఊరంతా మంచినీళ్ల చెరువు మీదే ఆధారపడి ఉంది. ఒక సాయంత్రం చెరువు దగ్గర మోటారు కాలిపోయింది. స్పేర్ మోటారు ఉందిగానీ రీవైండింగుకు వెళ్లి ఇంకా రాలేదు. ఓవర్‌హెడ్ ట్యాంకులో మర్నాడు ఉదయానికి సరిపడా నీళ్లు కూడా లేవు. అద్దె మోటారు విజయవాడ నుంచి రావాలి, అది వచ్చేదాకా ట్యాంకర్లు తిప్పాలి. అంత ఖర్చుకు కౌన్సిల్ మంజూరు కావాలి, సమావేశమేమో ఇంకా మూడు వారాలకు ఉంది.

చైర్‌పర్సన్‌గారు ఇంట్లో వంట మధ్యలో ఉండగా కబురు పంపితే ఆఫీసుకు వచ్చారు. కరెంటు లేదు. ఎమర్జెన్సీ లైటు బల్లమీద పెట్టుకుని నేను నోట్ రాశాను. మోటారు కాలిన వేళ, ట్యాంకులో మిగిలిన నీళ్లు, ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది, నాలుగు పేరాలు. ఆవిడ రెండుసార్లు చదివి, "ట్యాంకర్లు ముందు ఎత్తుమీదున్న వార్డులకు పంపండి, పల్లంలో వాళ్లకు బోర్లున్నాయి" అని తన చేత్తో ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టారు. మా ఇంజినీరు ఫైలు తీసుకుంటూ, "అమ్మా, తేదీ కింద టైము కూడా వేయండి" అన్నారు. ఆవిడ రాత్రి 9.40 అని వేశారు. తెల్లారి ఏడింటికల్లా ట్యాంకర్లు వీధుల్లో ఉన్నాయి. ఊరి మనిషికి ఎత్తు వీధి ఏదో, పల్లపు వీధి ఏదో తెలుసు. అధికారం ఎన్నికైన వాళ్ల దగ్గర కొంతైనా ఉండాలని నేననడానికి ఆ ఒక్క వాక్యమే కారణం.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. తర్వాతి సమావేశం ఎజెండాలో ఆ అంశం పెట్టాలి. పెట్టలేదు. ఎజెండా తయారుచేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. వేసవి పనుల ఒత్తిడిలో ఫైలు ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఉండిపోయింది. ఆపై కమిషనర్ బదిలీ అయ్యారు, ఎవరూ గుర్తుచేయలేదు. కొన్నేళ్ల తర్వాత ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. టెండరు లేదు, నామినేషన్ మీద (పోటీ లేకుండా నేరుగా ఒకరికి) ఇచ్చారు, ర్యాటిఫికేషన్ తీర్మానం ఏది అని అడిగారు. మోటారు తెప్పించి ఊరికి నీళ్లిచ్చిన ఆ ఇంజినీరు రిటైరై, పెన్షన్ కాగితాలకోసం మా ఆఫీసు చుట్టూ చాలాకాలం తిరిగారు. చివరికి ఆ ఫైలును ఒడ్డున పడేసింది ఏమిటనుకున్నారు? చైర్‌పర్సన్ సంతకం కింద ఉన్న ఆ 9.40. మోటారు కాలిన వేళ లాగ్ బుక్‌లో ఉంది, ఆదేశం వేళ ఫైల్లో ఉంది, ట్యాంకర్ ట్రిప్పుల వేళ డ్రైవర్ల స్లిప్పుల్లో ఉంది. మూడూ సరిపోయాయి. ర్యాటిఫికేషన్ ఆలస్యంగా చేయించి అభ్యంతరం తీయించగలిగాం.

అత్యవసర అధికారం గురించి ఎవరు మాట్లాడినా నాకు మొదట గుర్తొచ్చేది ఈ ఫైలే. ఆ రాత్రి పని చేయడానికి సంతకం ఒక్కటి చాలింది. ఆ తర్వాత కౌన్సిల్ ముందుకు వెళ్లకపోవడంవల్ల అది నేరంలా కనిపించింది. అందుకే చట్టంలో ఏం రాయించుకోవాలన్న మీ రెండో ప్రశ్నలో నేను 'ఎవరికి అధికారం' అన్నదానికంటే 'ఎన్ని గంటల్లో ఎవరికి లెక్క చెప్పాలి' అన్నదానికే ఎక్కువ బరువు ఇస్తాను.

మీ అన్నయ్య మాటకు వస్తాను. ఆయన చెప్పింది సగం నిజం. కాలిఫోర్నియాలో స్థానిక అత్యవసర స్థితిని ప్రకటించాల్సింది అసలు నగర పాలకమండలి. సభ కూడే వ్యవధి లేనప్పుడు, ముందే ఆర్డినెన్సు ద్వారా అధికారం ఇచ్చిన అధికారి ప్రకటించవచ్చు. అలా ప్రకటిస్తే 7 రోజుల్లో పాలకమండలి ఆమోదించాలి, లేకపోతే అది రద్దయిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే మేయర్ లాంటి కార్యనిర్వహణాధిపతి ప్రకటించవచ్చు, రాకపోకలు ఆపవచ్చు, కర్ఫ్యూ పెట్టవచ్చు. కానీ ఒక్కో ఉత్తర్వు ఆయుష్షు 5 రోజులే. కావాలంటే మళ్లీ కొత్తగా జారీ చేయాలి. అక్కడ మేయర్ బలమంతా టీవీలో కనిపిస్తుంది, ఈ గడువులు కనిపించవు. మనం అరువు తెచ్చుకోదగ్గది ఆ గడువులనే.

కర్ఫ్యూ, నిషేధాజ్ఞల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. మనం 144 సెక్షన్ అనడానికి అలవాటు పడ్డది 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది. అది మేజిస్ట్రేట్ అధికారం. విజయవాడలో పోలీస్ కమిషనరేట్ ఉంది కాబట్టి అక్కడ పోలీస్ కమిషనర్ చూస్తారు, గుంటూరులో ఎస్పీ వ్యవస్థ కాబట్టి రెవెన్యూ వైపు మేజిస్ట్రేట్లు చూస్తారు. మేయర్‌కు దీంతో సంబంధం లేదు, ఉండాలని కూడా నేననను. లాఠీ, ఓటు ఒకే చేతిలో ఉండకూడదు.

ఇక పెద్ద విపత్తు వస్తే కార్పొరేషన్ చట్టం కూడా వెనక్కి వెళ్తుంది, 2005 విపత్తు నిర్వహణ చట్టం ముందుకు వస్తుంది. దానిప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. ఎన్నికైన వాళ్ల తరఫున సహాధ్యక్ష స్థానం జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌ది. ప్రమాద ప్రాంతంలోకి రాకపోకలు ఆపడం, శిథిలాలు తొలగించడం, ఆశ్రయం, తిండి, నీళ్లు ఏర్పాటు చేయడం, అవసరమైతే వాహనాలు, భవనాలు తీసుకోవడం ఈ చట్టం కిందే జరుగుతాయి. స్థానిక సంస్థ సిబ్బందిని, సామగ్రిని సిద్ధంగా ఉంచుకుని సహాయ పనులు చేయాలి. చట్టం దాన్ని నిర్ణయించే చోట కూర్చోబెట్టలేదు, పనిచేసే చోట నిలబెట్టింది.

మీ సింగ్‌నగర్ రోజులనే చూడండి. బుడమేరు గండ్లు పూడ్చడం జలవనరుల శాఖ పని, దానికి సైన్యం వచ్చింది. పడవలు విపత్తు దళాలవి. కరెంటు డిస్కంది, అంటే విద్యుత్ పంపిణీ సంస్థది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది, అది కూడా జలవనరుల శాఖ చూసేదే. ఇళ్లలో బురద కడగడానికి వచ్చిన ఫైరింజన్లు రాష్ట్ర అగ్నిమాపక శాఖవి. చివరికి కార్పొరేషన్ చేతిలో మిగిలింది మంచినీళ్లు, చెత్త, డ్రెయిన్లు, బ్లీచింగు. అవి చిన్న పనులని నేననను. వరద తీసిన నాలుగో రోజునుంచి మనిషి ప్రాణం వాటిమీదే ఆధారపడుతుంది. కానీ ఆ పనుల్లో కూడా ఏ వీధికి ముందు, ఏ వీధికి తర్వాత అని నిర్ణయించే బల్లముందు మీ కార్పొరేటర్‌కు, మీ మేయర్‌కు చట్టప్రకారం కుర్చీ లేదు. ఫోన్ చేసి అడగగలరు, అధికారులు మర్యాదకు వింటారు. అంతే.

రాజ్యాంగ సవరణ వచ్చింది కదా అని మీరు అడగవచ్చు. మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. ప్రజారోగ్యం, నీటి సరఫరా ఉన్నాయి, అగ్నిమాపక సేవలు కూడా ఉన్నాయి. కానీ 243 డబ్ల్యూ అధికరణం చదివితే, రాష్ట్ర శాసనసభ ఈ అధికారాలు మున్సిపాలిటీలకు 'ఇవ్వవచ్చు' అని ఉంటుంది. ఆ 'వచ్చు' దగ్గరే బండి ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2020 మార్చిలో కరోనా వచ్చేనాటికి విజయవాడలో ఎన్నికైన కౌన్సిలే లేదు. పాత కౌన్సిల్ గడువు 2019లో ముగిసింది, కొత్త ఎన్నికలు 2021 మార్చిలోగానీ జరగలేదు. మేయరే లేని రోజుల్లో మేయర్ అధికారం ఎంత గొప్పగా రాసి ఉన్నా అక్కరకు రాదు. ఎన్నికలు సమయానికి జరపడం కూడా విపత్తుకు సిద్ధం కావడంలో భాగమే.

ఇప్పుడు అసలు ముఖ్యమైన కొత్త మార్పు. విపత్తు నిర్వహణ చట్టాన్ని 2025లో సవరించారు. రాష్ట్ర రాజధానులకూ, మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకూ ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేయవచ్చని చెప్పారు. మంచిదే. జిల్లా మొత్తానికి ఒకే ప్రణాళిక ఉంటే నగరం డ్రెయిన్లు అందులో ఒక పేజీకి మించి రావు. కానీ ఆ సంస్థకు అధ్యక్షులు మున్సిపల్ కమిషనర్, ఉపాధ్యక్షులు కలెక్టర్. మిగతా సభ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి. మేయర్ పేరు చట్టంలో లేదు. జిల్లా స్థాయిలో జడ్పీ చైర్‌పర్సన్‌కు చోటిచ్చిన చట్టమే నగరం దగ్గరకు వచ్చేసరికి మేయర్‌ను మరిచిపోయింది. అయితే 'మిగతా సభ్యులు' అన్నచోట తలుపు తెరిచే ఉంది. విజయవాడకు, గుంటూరుకు మేయర్‌ను సభ్యులుగా వేయడానికి చట్టం మార్చక్కర్లేదు, రాష్ట్రం నియమాల్లో ఒక వాక్యం రాస్తే చాలు. మీరు ఒకే ఒక్క విషయం అడగదలచుకుంటే దీన్నే అడగండి. త్వరగా అయ్యేది ఇదే.

కార్పొరేషన్ చట్టంలోనే నిర్వచనం రాయాలంటే నేనైతే ఇలా రాస్తాను. అత్యవసరం అంటే ప్రాణానికో, ఆరోగ్యానికో, కార్పొరేషన్ ఆస్తికో అప్పటికప్పుడు ముప్పు ఉండి, సభ కూడేదాకా ఆగితే నష్టం జరిగిపోయే పరిస్థితి. ఇందులో రెండో సగం చాలా ముఖ్యం. అది లేకపోతే ప్రతి రోడ్డూ, ప్రతి కల్వర్టూ అత్యవసరమే అవుతుంది. ముందే తెలిసిన పని అత్యవసరం కాదని కూడా స్పష్టంగా ఉండాలి. జూన్‌లో వాన వస్తుందని ఏప్రిల్‌లో తెలుసు, అందుకని డ్రెయిన్ల పూడికతీత ఎప్పటికీ అత్యవసర పని కాకూడదు. నా సర్వీసులో నామినేషన్ మీద ఇచ్చిన 'అత్యవసర' పూడికతీతలు ఎన్ని చూశానో నాకు తెలుసు.

పని మొదలుపెట్టే అధికారం కమిషనర్ దగ్గరే ఉండనివ్వండి. ఇది మీకు నచ్చకపోవచ్చు. కానీ అర్ధరాత్రి ఇంజినీర్లను, పారిశుధ్య సిబ్బందిని, ట్యాంకర్లను కదిలించగలిగేది ఆయనే, ఆయన సర్వీసుకు జవాబుదారీ కూడా ఉంది. మేయర్‌కు కావలసినవి వేరే. మొదటి గంటలోనే సమాచారం పొందే హక్కు ఉండాలి. ఏ ప్రాంతానికి ముందు, ఏ ప్రాంతానికి తర్వాత అన్నదాని మీద రాతపూర్వకంగా ఆదేశించే హక్కు ఉండాలి. పాటించలేకపోతే కమిషనర్ కారణం రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మామూలు నోటీసు గడువు లేకుండా 48 గంటల్లో కౌన్సిల్‌ను కూర్చోబెట్టే హక్కు ఉండాలి. ఆ సమావేశంలో ఆ విపత్తు తప్ప ఇంకో అంశం ఉండకూడదు, టేబుల్ ఎజెండాలు (ముందు చెప్పకుండా సభలో అప్పటికప్పుడు పెట్టే అంశాలు) అసలే ఉండకూడదు. మేయర్ ఊళ్లో లేకపోతే ఇవన్నీ డిప్యూటీ మేయర్‌కు వాటంతటవే వెళ్లాలి.

హద్దులు కూడా అక్కడే రాసుకోవాలి. ఉత్తర్వుకు 7 రోజుల ఆయుష్షు, పొడిగించాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి. ఆ పేరుతో పన్నులు వేయకూడదు, స్థలాలు ఇవ్వకూడదు, పర్మినెంటు ఉద్యోగాలు ఇవ్వకూడదు, కౌన్సిల్ ముందే వద్దన్న పని చేయకూడదు. కార్పొరేషన్లలో 'మేయర్ ముందస్తు అనుమతి' అనే అలవాటు ఒకటుంది. కౌన్సిల్ తర్వాత ఆమోదిస్తుందన్న నమ్మకంతో ముందే సంతకం చేయడం. ఆపదలో అది పనికొస్తుంది. మామూలు రోజుల్లో అదే అలవాటైతే కౌన్సిల్‌కు మిగిలేది చప్పట్లే. నిర్వచనం గట్టిగా ఉంటే ఈ రెంటికీ మధ్య గీత కనబడుతుంది.

డబ్బు గురించి ఇంజినీర్లు భయపడతారు, అది సహజం. దానికి దారి ఇప్పటికే ఉంది. విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ కింద, విపత్తు సమయంలో జిల్లా సంస్థ అవసరమనుకుంటే టెండరు ప్రక్రియ లేకుండా సామగ్రి కొనుగోలుకు అనుమతించవచ్చు. అధికారమిచ్చిన అధికారి వాడకంపై ఇచ్చే ధ్రువపత్రమే చెల్లుబాటయ్యే ఓచరు. మా డెల్టా ఊరి మోటారు ఫైలు ఈ చట్టానికి ముందుది, అప్పట్లో ఆ రక్షణ లేదు. ఇప్పుడున్న ఇంజినీర్లు కలెక్టర్ నుంచి ఆ కాగితం అదే రోజు తెచ్చుకోవాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

మీరు చేయగలిగింది చెబుతాను. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. 2024 సెప్టెంబరులో అత్యవసరం కింద చేసిన పనుల జాబితా, ఒక్కోదాని ఖర్చు, ఏ తేదీన స్టాండింగ్ కమిటీకి నివేదించారు, ఏ తీర్మానంతో ర్యాటిఫై చేశారు, ఇవి అడగండి. దాని కాపీ మీ కార్పొరేటర్‌కు ఇచ్చి, పట్టణ విపత్తు సంస్థలో మేయర్‌ను సభ్యులుగా వేయాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం పెట్టమనండి. అలాంటి తీర్మానానికి ఏ పార్టీ అడ్డు చెప్పాల్సిన పనిలేదు, రేపు ఆ కుర్చీలో ఎవరైనా ఉండవచ్చు. దరఖాస్తులో ఉత్తర్వుల తేదీలతోపాటు అవి ఏ వేళకు జారీ అయ్యాయో కూడా అడగడం మరిచిపోకండి.